హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది. అభిమానిగా నేనిప్పుడు ఏ జట్టు వైపు నిలబడాలి?

నల్లగొండ పసుపు జెండా అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాది నల్లగొండ. దేశంలో పై మెట్టు ఫుట్‌బాల్ పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీకి 2019 నుంచి అభిమానిని. 2025 అక్టోబరులో ఆ క్లబ్ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకొని ఊరు కూడా మారిపోయిన నాటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆటను నాకంటే ఎక్కువ కాలంగా చూస్తున్నవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

2019 నవంబరు 2న గచ్చిబౌలిలో మన జట్టు సొంత మైదానంలో తొలి మ్యాచ్ ఆడింది. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. అంతకుముందు ఆడిన రెండు మ్యాచ్‌లలో కోల్‌కతాలో ఏటీకే చేతిలో 5-0తో, ఆ తర్వాత జంషెడ్‌పూర్ చేతిలో 3-1తో ఓడి వచ్చింది. అవి ఆర్టీసీ సమ్మె రోజులు. బస్సులను నమ్ముకోలేక మిత్రుడి బండి మీద నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్ చేరి, బండి అక్కడ నిలిపి, మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీలో దిగి, అక్కడి నుంచి ఆటోలో స్టేడియానికి వెళ్లాం. మొదట రాహుల్ గోల్ కొట్టి కేరళను ముందుంచాడు. రెండో సగంలో స్టాంకోవిచ్ పెనాల్టీతో స్కోరు సమం చేశాడు. ఆట పది నిమిషాల్లో ముగుస్తుందనగా మార్సెలినో ఫ్రీకిక్‌ను నేరుగా వలలోకి పంపాడు. అప్పుడు పక్కన కూర్చున్న ముక్కూ ముఖం తెలియని మనిషిని నేను వాటేసుకున్నాను. తిరుగు ప్రయాణంలో చౌటుప్పల్ దగ్గర టీ తాగుతుంటే, మా మెడలో పసుపు కండువాలు చూసిన కొట్టు యజమాని ఏం ఆటకు పోయివస్తున్నారని అడిగాడు. చెప్పాం. "హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ టీమ్ ఉన్నదా?" అని ఆశ్చర్యపోయాడు. ఉన్నదని చెప్పినప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది.

ఆ సీజన్ మొత్తంలో మనం గెలిచినవి రెండే మ్యాచ్‌లు. 10 పాయింట్లతో పట్టికలో అట్టడుగున మిగిలాం. అయినా నేను వదల్లేదు. మనోలో మార్కెజ్ శిక్షకుడిగా వచ్చాక జట్టు రూపమే మారింది. 2020-21లో ఐదో స్థానం, మరుసటి ఏడాది 38 పాయింట్లతో రెండో స్థానం. ఆ ఏడాది ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ చేశాడు. కానీ కోవిడ్ కారణంగా ఆ రెండు సీజన్లూ పూర్తిగా గోవాలోనే జరిగాయి. మన ఊరి జట్టు చాంపియన్ అయిన సంవత్సరం మన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. 2022 మార్చి 20న ఫటోర్డాలో జరిగిన ఫైనల్‌ను ఇంట్లో టీవీలోనే చూశాను. స్టేడియం నిండా పసుపు రంగే, కానీ ఆ పసుపు కేరళ అభిమానులది. పట్టికలో పై స్థానంలో ఉన్నందుకు పసుపు జెర్సీ మన ఆటగాళ్లు వేసుకుంటే, కేరళ జట్టు నల్ల జెర్సీలో దిగింది. ఆ రోజు కూడా మొదటి గోల్ అదే రాహుల్‌ది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా పెనాల్టీ పెట్టె బయటి నుంచి కొట్టిన గోల్‌తో స్కోరు సమమైంది. షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. హాలిచరణ్ నర్జారీ చివరిది వలలో వేసినప్పుడు మా అబ్బాయి మంచం మీద నుంచి దూకాడు. వాడికి అప్పుడు పదకొండేళ్లు.

మరుసటి సీజన్‌లో జట్టు గచ్చిబౌలికి తిరిగి వచ్చాక వాడిని మూడు మ్యాచ్‌లకు తీసుకువెళ్లాను. 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం వచ్చింది. సెమీఫైనల్‌లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ గోల్స్ లేకుండా ముగిసి, పెనాల్టీలలో 4-3తో ఓడిపోయాం. అక్కడితో మంచి రోజులు ముగిశాయి. మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు. జీతాలు అందక ఆటగాళ్లు సీజన్ మధ్యలోనే ఒక్కొక్కరుగా వెళ్లిపోవడం, కొత్తవారిని తీసుకోకుండా ఫిఫా నిషేధం విధించడం, మిగిలిన కుర్రాళ్లతోనే జట్టును మైదానంలోకి దించడం, అన్నీ చూశాం. 2023-24లో 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు, మొత్తం 8 పాయింట్లు. యాజమాన్యం మారాక 2024-25లో 18 పాయింట్లతో పన్నెండో స్థానం. ఆ తర్వాత క్లబ్ ఢిల్లీకి పోయింది.

ఓటమి గురించి నాకు ఫిర్యాదు లేదు. ఓడిన జట్టు వచ్చే ఏడాది గెలుస్తుందని ఎదురుచూడవచ్చు. వెళ్లిపోయిన జట్టు కోసం ఏమని ఎదురుచూడాలి? మా అబ్బాయి జెర్సీ వెనక ఒగ్బెచె పేరు ఉంది. ఉతికి ఉతికి అక్షరాలు అంచుల దగ్గర లేచాయి, ఇప్పుడది వాడికి భుజాల దగ్గర పట్టడం కూడా లేదు. మొన్న బీరువా సర్దుతూ వాళ్లమ్మ దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామంటే వాడు ఒప్పుకోలేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "నాన్నా, మనం ఇప్పుడు ఢిల్లీ టీమా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. మీరైతే ఏం చెబుతారు?

పాలమూరు పీఈటీ ఇచ్చిన సమాధానం:

అన్నా, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను. నేను పాలమూరు జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. గచ్చిబౌలిలో నేనూ ఐదారు మ్యాచ్‌లు చూశాను. మీ అబ్బాయికి "కాదు, మనది ఢిల్లీ టీమ్ కాదు" అనే చెప్పండి. అయితే దాంతోపాటు ఇంకొక మాట కూడా చెప్పాలి.

2019లో ఆ క్లబ్ మనకు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకోండి. పుణెలో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడింది కాబట్టి లీగ్‌లో ఆ ఖాళీ మనకు దొరికింది. మనం గచ్చిబౌలిలో కేరళపై గెలిచి కేకలు వేసిన రాత్రి, పుణెలో ఎవరో ఒక తండ్రి తన కొడుక్కి ఇలాంటి జవాబే వెతుక్కుంటూ ఉండి ఉంటాడు. అదే 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే ఆనాడు తమ జట్టును పోగొట్టుకున్న ఢిల్లీవాళ్లకు ఆరేళ్ల తర్వాత మన జట్టు దక్కింది. మీ బాధ తక్కువదని చెప్పడానికి ఇది రాయడం లేదు. మన దేశంలో క్లబ్ అంటే ఒక కాగితం. ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటే వారి ఊరికి జట్టు పోతుంది. మైదానం, పిల్లలు, స్థానిక లీగ్, ఇవేవీ ఆ కాగితంలో ఉండవు కాబట్టే పోవడం అంత సులువు.

నా బడి సంగతి చెబుతాను. మాది మొరం నేల. ఐదో నంబరు బంతి కొత్తది తెస్తే రెండు నెలల్లో పై తోలు గీరుకుపోయి కుట్లు బయటపడతాయి, ఆ తర్వాత లోపలి బ్లాడర్ ఒక పక్కకు ఉబ్బుతుంది. ఆ వంకర బంతితోనే పిల్లలు ఇంకో నెల ఆడతారు. గోల్‌పోస్టులు రెండు వెదురు కర్రలు. ఈ ఆరేళ్లలో చాంపియన్ జట్టు తరఫున మా బడికి ఒక శిక్షకుడు గానీ, ఒక బంతి గానీ రాలేదు. వస్తుందని నేనూ ఆశించాను, అందుకే చెబుతున్నాను. నిజామాబాద్ జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య భారత జట్టు దాకా వెళ్లింది. జిల్లాల్లో పిల్లలు లేక కాదు. క్లబ్ వేళ్లు రింగు రోడ్డు దాటి మన వైపు రాలేదు. ఇలాంటి పది బడులలో దానికి పిల్లలు ఉండి ఉంటే, వెళ్లిపోయే ముందు కనీసం ఒకసారి వెనక్కి తిరిగి చూసేది.

మిర్యాలగూడ వలస ఇచ్చిన సమాధానం:

నేను ఉద్యోగం కోసం ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో ఉంటున్నాను. సొంత ఊరు మిర్యాలగూడ. పైవారితో నేను ఏకీభవించలేను. అభిమానం ఒక్క ఊరికి మాత్రమే కాదు, జట్టుతో కలిసి నడిచిన కాలానికి కూడా చెందుతుందని నా నమ్మకం. 2023-24లో జీతాలు లేని రోజుల్లో, పెద్ద ఆటగాళ్లందరూ వెళ్లిపోయాక, ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాళ్లు వారం వారం ఓడిపోతూనే మైదానంలోకి దిగారు. వాళ్లలో ఎవరు ఏ రంగు జెర్సీ వేసుకున్నా నేను వాళ్ల ఆట చూస్తాను. ఇక్కడ ఢిల్లీ జట్టు ఆడితే వెళతాను, తెలిసిన ముఖం కనిపిస్తే తెలుగులోనే కేక వేస్తాను. మీ అబ్బాయికి మీరు కాదని చెప్పినా తప్పులేదు, కానీ చూడవద్దని మాత్రం చెప్పకండి.

దేవరకొండ పాత అభిమాని ఇచ్చిన సమాధానం:

నాకు డెబ్బై దాటాయి. దేవరకొండ దగ్గరి పల్లెలో పుట్టి, ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో స్థిరపడ్డాను. నల్లగొండ బాబుకు ఒక మాట చెప్పాలి. మీరు 2019లో అభిమాని అయ్యారు గానీ, మీరు చేరిన వరుస అంతకంటే చాలా పాతది.

1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్‌ను వరుసగా ఐదేళ్లు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950లో డ్యూరాండ్ కప్ కూడా దానిదే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ మొదట ఒక బడిపంతులు. పాలమూరు మాస్టారు ఈ సంగతి ప్రత్యేకంగా గమనించాలి. డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపిస్తూ ప్రత్యర్థులను తప్పించడం) చేయకూడదన్న నియమంతో ఒక పోటీ, బలహీనమైన కాలితోనే బంతి తన్నాలన్న నియమంతో ఇంకొకటి, ఇలా ఆయన హైదరాబాద్‌లో పోటీలు పెట్టించేవారు. ఖర్చు లేని విద్య అది. ఆ విద్యతోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఆయన 1963లో పోయేనాటికి నేను పసివాడిని, ఆయనను చూసే భాగ్యం కలగలేదు. పట్నం వచ్చాక నాకంటే పెద్దవారు లాల్ బహదూర్ స్టేడియం మెట్ల మీద కూర్చొని ఆయన గురించి చెబుతుంటే విన్నాను. ఆట మధ్య విరామంలో మొదలైన ఆ ముచ్చట, రెండో సగం మొదలైనా ఆగేది కాదు.

ఆ వైభవం ఏమైందని మీరు అడగవచ్చు. ఎవరూ దాన్ని లారీలో ఎక్కించి వేరే ఊరికి పంపలేదు. ఒక్కొక్క ఆటగాడే వెళ్లిపోయాడు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో గొప్పవాడయ్యాడు. నయీముద్దీన్, హబీబ్, ఆ తర్వాతి తరంలో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, అందరిదీ అదే దారి. బాగా ఆడేవాడికి డబ్బు, పేరు, నిండిన స్టేడియం కలకత్తాలోనే ఉండేవి కాబట్టి వారిని తప్పు పట్టలేం. బడే మియా అని బెంగాల్ మొత్తం పిలుచుకున్న హబీబ్ 1977లో మోహన్ బగాన్ తరఫున పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద ఆడాడు. 2023 ఆగస్టు 15న ఆయన మన హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. మరునాడు ఉదయం నడకకు వెళ్లినప్పుడు, ఆయన పేరు చెబితే గుర్తుపట్టిన వాళ్లు నా బృందంలో ఇద్దరే ఉన్నారు. జట్టు ఢిల్లీ వెళ్లిన వార్త కంటే ఆ ఉదయం నన్ను ఎక్కువగా బాధించింది.

కాబట్టి మీ అబ్బాయికి, మనం హైదరాబాద్ టీమ్ అని చెప్పండి. ఆ టీమ్ ఈ ఏడాది పై లీగ్‌లో లేదు. ఇలా లేకపోవడం దానికి ఇదే మొదటిసారి కూడా కాదు.

వనపర్తి వింగర్ ఇచ్చిన సమాధానం:

పెద్దాయన గారి మాటలకు ఒక చిన్న చేర్పు. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, ఇంగ్లండ్ ఆటలు ఎక్కువగా చూస్తాను. అక్కడ 1988లో ఎఫ్ఏ కప్ గెలిచిన వింబుల్డన్ క్లబ్‌ను 2002లో యజమానులు మిల్టన్ కీన్స్ అనే ఊరికి తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు అదే వేసవిలో ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్ పెట్టుకున్నారు. ఆటగాళ్ల కోసం బహిరంగ మైదానంలో ఎంపికలు జరిపారు. తొమ్మిదో మెట్టు లీగ్ నుంచి మొదలుపెట్టి 2011 నాటికి వృత్తి లీగ్‌లోకి ఎక్కారు, 2020లో తమ పాత వీధి ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియం కట్టుకుని చేరారు. అదంతా మనకు ఇప్పుడే సాధ్యమని నేను అనడం లేదు. అక్కడ కింది లీగ్‌లకు కూడా టికెట్ కొనే జనం ఉన్నారు. కానీ మనకూ హైదరాబాద్‌లో రహీమ్ గారి పేరు మీద ఎ-డివిజన్ లీగ్ ఉంది. అందులో ఆడే జట్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే మొన్నటి దాకా ఒక్కటీ తెలియదు, ఈ విషయంలో నాకు సిగ్గుగానే ఉంది.

ఇంకొకటి, శ్రీనిధి డెక్కన్ క్లబ్‌ను మరిచిపోకండి. దేశంలో రెండో మెట్టు లీగ్ అయిన ఐ-లీగ్‌లో 2022-23లో రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. మొదటి ఏడాది పంజాబ్, రెండో ఏడాది మొహమ్మడన్ పైకి ఎక్కాయి. ఒక్క మెట్టు దూరంలో రెండుసార్లు ఆగిపోయిన జట్టు మన పక్కనే ఆడుతుంటే, మనమంతా గచ్చిబౌలి వైపే చూస్తూ ఉండిపోయాం.

నల్లగొండ పసుపు జెండా:

అందరికీ కృతజ్ఞతలు. పీఈటీ సార్ పుణె గురించి రాసింది చదివాక కొద్దిసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ రాత్రి చౌటుప్పల్‌లో నేను అంత గర్వంగా చెప్పిన మాట వెనుక ఇంకొక ఊరి నష్టం ఉందని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. మిర్యాలగూడ తమ్ముడి మాట కూడా కాదనలేను. ఆ కుర్రాళ్లు జీతం లేకుండా ఆడిన ఆట నేను చూశాను, వాళ్లు ఎక్కడ ఆడినా బాగుండాలి. కానీ ఢిల్లీ గెలిస్తే నా గొంతులోంచి కేక రాదు. బలవంతంగా తెప్పించుకోలేను.

శ్రీనిధి విషయంలో నాకు ఒక సంకోచం ఉంది, దాచకుండా చెబుతాను. ఆ క్లబ్ కూడా మొదట విశాఖపట్నం పేరు మీద ఐ-లీగ్‌లోకి వచ్చి తర్వాత హైదరాబాద్‌కు మారిందే కదా. రేపు అదీ ఇంకెక్కడికైనా పోతే మా అబ్బాయికి మళ్లీ ఇదే చెప్పాలి. అయితే నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు పెద్దాయన గారు రాసినదంతా వాడికి చదివి వినిపించాను. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలన్న పోటీ సంగతి వినగానే తినడం ఆపేసి, తన ఎడమ కాలు అసలు పనికిరాదని, ఎన్.జి. కాలేజీ మైదానంలో రేపటి నుంచి ఎడమ కాలితోనే తన్ని చూస్తానని అన్నాడు. ఢిల్లీ సంగతి మళ్లీ ఎత్తలేదు.

పీఈటీ సార్‌కు ఒక విన్నపం. మా పాత బృందంలో నలుగురం ఉన్నాం, గచ్చిబౌలి టికెట్లకు, ప్రయాణాలకు పెట్టిన డబ్బు ఈ ఏడాది అలాగే మిగిలింది. మీ బడికి నాలుగు బంతులు, ఒక గాలి పంపు తెస్తే తీసుకుంటారా? మొరం నేల మీద ఏ రకం ఎక్కువ కాలం నిలుస్తుందో చెప్పండి, అదే కొంటాం. అలాగే శ్రీనిధి మైదానానికి మీ వైపు నుంచి ఎలా వెళతారో కూడా తెలియజేయండి. ఒక్క మ్యాచ్‌కైనా వాడిని తీసుకువెళ్లి, నచ్చుతుందో లేదో వాడినే తేల్చుకోమంటాను.

పాలమూరు పీఈటీ:

తప్పకుండా తీసుకుంటాం అన్నా. మెరిసే పలుచటి బంతులు వద్దు, చేత్తో కుట్టిన మందపాటి రబ్బరు పైపొర ఉన్నవి తెండి. మా నేల మీద అవే నాలుగు నెలలు ఆగుతాయి. పంపుతో పాటు సూదులు ఒక అరడజను ఎక్కువ తెండి, పిల్లలు వాటినే ముందు పోగొడతారు.

మైదానం అజీజ్‌నగర్‌లో ఉంది. మీరు ఎల్బీనగర్‌లో దిగి మెహిదీపట్నం చేరుకుంటే, అక్కడి నుంచి మొయినాబాద్, చేవెళ్ల వైపు వెళ్లే బస్సులు అజీజ్‌నగర్ మీదుగానే పోతాయి. నేను జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా ఆరాంఘర్ దాకా వచ్చి అక్కడ మారతాను. మ్యాచ్ తేదీ చూసుకుని ఒక వారం ముందు చెప్పండి, మా బడి నుంచి ఇద్దరు పిల్లలను నేనూ వెంట తీసుకువస్తాను. వాళ్లు ఇప్పటి దాకా పచ్చగడ్డి మైదానాన్ని దగ్గర నుంచి చూడలేదు. మీ అబ్బాయిని ఆ ఒగ్బెచె జెర్సీ కూడా తెమ్మనండి. భుజాల దగ్గర వాడికి పట్టడం లేదంటే, వీళ్లలో చిన్నవాడికి సరిపోవచ్చు. ఇవ్వడం ఇవ్వకపోవడం మాత్రం పూర్తిగా వాడి ఇష్టం.